మంచు వల్లనా? మంచులోనా?
(ఒక విమాన ప్రమాదం దగ్గర కూర్చుని చదువుకున్న విభక్తి పాఠం)

పోయిన నెల వ్యాకరణం క్లాసులో మేడమ్ పంచమీ విభక్తి చెప్తూ బోర్డు మీద "మంచు వల్ల బస్సు ఆలస్యమైంది" అని ఉదాహరణ రాశారు. అందరూ రాసుకున్నారు. నా చెయ్యి మాత్రం ఆగిపోయింది. అట్లాంటి వాక్యమే అంతకు పది రోజుల ముందు ఒక ఫారం మీద నేనే రాసి ఉన్నాను. అప్పుడు అది సరైన వాక్యమే అనుకున్నాను. వ్యాకరణం ప్రకారం ఇప్పటికీ సరైనదే. కానీ అది నిజమా అన్నదే ఈ వ్యాసం.

నేను రాసిన వాక్యం

మాది కుప్పం పక్క పల్లె. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు సర్జాపురకి వచ్చేశాం. మా నాయన బొలేరో పికప్ తోలుతాడు. బాగలూరు పక్కన గ్రీన్‌హౌసుల్లో కోసిన రోజా పూలను అట్టపెట్టెల్లో ఎత్తుకుని రాత్రిపూట బయల్దేరి, హొసకోటె, బూదిగెరె మీదుగా దేవనహళ్ళి విమానాశ్రయంలోని కార్గో టెర్మినల్‌కి చేర్చాలి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి 14 దాకా ఈ పనికి ఊపిరాడదు. ఆ పూలన్నీ బయటిదేశాలకి పోయేవే. టైము దాటితే విమానం ఆగదు, పూలు ఆగవు.

ఈ జనవరిలో ఒక తెల్లవారుజామున హొసకోటె దాటినాక, రోడ్డు పక్కన నీలగిరి కట్టెలతో నిలబడి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని నాయన బండి వెనకనుంచి ఢీకొట్టింది. బండి ముందుభాగం నుజ్జయింది. నాయనకి ఎడమ మణికట్టు విరిగింది. దేవుడి దయ, ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఇన్సూరెన్సు ఫారం నింపాల్సి వచ్చింది. చదువుకున్న పిల్లని నేనే కదా. "ప్రమాదానికి కారణం" అన్న గడి దగ్గర ఆగి నాయన మొహం చూశాను.

"మంచు వల్ల అని రాయి పాపా. ఇంకేముంది రాసేదానికి?" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ అంది: "మంచు నిన్నా ఉండె, మొన్నా ఉండె. మొన్నేం కాలేదే?"

నాయన ఏమీ అనలేదు. నేను కన్నడలో "మంజినింద" అని రాసి, సంతకం పెట్టించి ఇచ్చేశాను. కన్నడ "ఇంద" చాలా ఉదారమైన ప్రత్యయం. మన "వల్ల", "చేత", "తో", "నుంచి" అన్నీ దాంట్లో పడతాయి. ఆ రోజు నాకు అది సౌకర్యంగానే అనిపించింది. బోర్డు మీది వాక్యం చూసినప్పుడు మాత్రం అమ్మ మాట మళ్ళీ వినబడింది.

ఇంత మంచులో నాయన చేర్చిన పూలు ఎక్కే విమానాలు అసలు ఎట్లా దిగుతాయి, ఎట్లా లేస్తాయి? అది తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. అట్లా చదువుతూ ఉంటే బిష్కెక్ ప్రమాదం దొరికింది.

బిష్కెక్‌లో ఏం జరిగింది

బిష్కెక్ కిర్గిజ్‌స్తాన్ దేశపు రాజధాని. అక్కడి విమానాశ్రయం పేరు మానస్. 2017 జనవరి 16 ఉదయం, ఏడు గంటలు దాటి పావుగంట. చలికాలం కాబట్టి అక్కడ ఆ వేళకి ఇంకా చీకటే. దానికి తోడు దట్టమైన పొగమంచు. హాంకాంగ్ నుంచి ఇస్తాంబుల్‌కి సరుకు తీసుకుపోతున్న బోయింగ్ 747 కార్గో విమానం మధ్యలో మానస్‌లో ఆగాలి. టర్కిష్ ఎయిర్‌లైన్స్ కోసం ఏసీటీ ఎయిర్‌లైన్స్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. లోపల సుమారు 85 టన్నుల సరుకు, నలుగురు మనుషులు.

ఆ విమానం రన్‌వే మీద దిగలేదు. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వేని మొత్తం పైనుంచే దాటేసి, దాని చివరి నుంచి ఇంచుమించు ఒక కిలోమీటరు అవతల నేలను తాకింది. అక్కడ దాచా-సూ అనే చిన్న ఊరు ఉంది. జనం ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. మొత్తం 39 మంది చనిపోయారు. విమానంలోని నలుగురూ పోగా మిగతా 35 మంది ఆ ఊరివాళ్ళు. వాళ్ళలో చాలామంది పిల్లలు.

"కార్గో విమానం కూలింది" అని విన్నప్పుడు మనం ముందు "అయితే ప్రయాణికులు లేరులే" అనుకుంటాం. ఆ 35 మంది ప్రయాణికులు కారు. వాళ్ళు టికెట్టు కొనలేదు, ఎక్కడికీ పోవడం లేదు. తమ ఇంట్లో పడుకుని ఉన్నారు.

మొదటిరోజు వార్తలు ఎట్లా వచ్చి ఉంటాయో మీరే ఊహించగలరు. "పొగమంచు వల్ల కుప్పకూలిన విమానం." పంచమీ విభక్తి. పని అయిపోయింది.

దొంగ మెట్ల దారి

దర్యాప్తు మాత్రం అక్కడ ఆగలేదు. ఆ దర్యాప్తు ఏం చెప్పిందో తెలియాలంటే, మంచులో విమానం దిగే పద్ధతి కొంచెం తెలియాలి. నేను సైన్సు విద్యార్థినిని కాను, కాబట్టి నాకు అర్థమైనట్టే చెప్తాను.

పైలట్‌కి నేల కనబడకపోయినా దారి చూపడానికి రన్‌వే దగ్గర ఐఎల్ఎస్ అనే రేడియో ఏర్పాటు ఉంటుంది. దాంట్లో ఒక భాగం విమానం రన్‌వేకి కుడిఎడమలు కాకుండా సూటిగా వస్తోందా అని చెప్తుంది. ఇంకో భాగం పేరు గ్లైడ్ స్లోప్. ఎంత ఏటవాలుగా దిగాలో చెప్పేది అదే. మామూలుగా ఆ వాలు 3 డిగ్రీలు. అంటే వంద మీటర్లు ముందుకు పోతే సుమారు ఐదు మీటర్లు కిందికి. చాలా మెత్తటి వాలు.

చిక్కెక్కడంటే, ఆ రేడియో తరంగాలు నేల మీద పడి కూడా పైకి లేస్తాయి. చెరువులో ఒకేసారి రెండు రాళ్ళు వేస్తే రెండు అలల వలయాలూ కలిసి కొత్త గీతలు ఏర్పడతాయి చూడండి, అట్లా ఇక్కడ కూడా అసలు దారికి పైన కొన్ని దొంగ దారులు పుడతాయి. వాటిలో ఒకటి 9 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. పైలట్లకి శిక్షణలోనే చెప్తారు. అందుకే గ్లైడ్ స్లోప్‌ని ఎప్పుడూ కిందివైపు నుంచి వచ్చి పట్టుకోవాలంటారు. కిందినుంచి వచ్చేవాడికి ముందు తగిలేది అసలు దారే.

బిష్కెక్ విమానం దిగడం మొదలుపెట్టేసరికే ఉండాల్సిన దానికన్నా బాగా ఎత్తులో ఉంది. అసలు దారి దాని కిందనే ఉండిపోయింది. ఆటోపైలట్‌కి తగిలింది 9 డిగ్రీల దొంగ దారి. అది "దారి దొరికింది" అని పట్టుకుంది. కొద్దిసేపటికే ఆ సంకేతం చెదిరింది. అప్పుడు ఆ యంత్రం తనకి నేర్పిన పని చేసింది. సంకేతం పోతే, 3 డిగ్రీల వాలులోనే దిగుతూ పోవాలన్నది దానికి నేర్పిన పని. అట్లాగే దిగింది. సరైన దారికి సమాంతరంగా, కానీ చాలా ముందుకు జరిగిపోయిన దారిలో. ఆ దారి చివర రన్‌వే లేదు. దాచా-సూ ఉంది.

ఏదో తేడా ఉందని కాక్‌పిట్‌లోని తెరలు హెచ్చరించాయి. ఇంకా సులభమైన లెక్క కూడా ఒకటుంది. రన్‌వే ఇంకా ఎన్ని నాటికల్ మైళ్ళ దూరముందో ఆ సంఖ్యని 300తో గుణిస్తే, నేల నుంచి విమానం ఉండాల్సిన ఎత్తు అడుగుల్లో ఇంచుమించు వచ్చేస్తుంది. పది మైళ్ళుంటే మూడు వేల అడుగులు. ఐదు మైళ్ళుంటే పదిహేను వందలు. మన నోటిలెక్కే. ఎక్కడో ఒక చోట ఆ దూరాన్నీ ఎత్తునీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, తాము దారిలో లేమని తెలిసిపోయేది. తెలిసిన వెంటనే చెయ్యాల్సింది ఒకటే: దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవడం. దాన్ని గో-అరౌండ్ అంటారు. అది ఓటమి కాదు, రోజూ ఎక్కడో ఒక చోట జరిగే మామూలు పని.

వాళ్ళు ఆ రోజు రెండో కేటగిరీ పద్ధతిలో దిగుతున్నారు. ఆ పద్ధతిలో నేలకి వంద అడుగుల ఎత్తు వచ్చేలోపు రన్‌వే దీపాలు కనబడాలి. కనబడకపోతే లేచిపోవాలి. వాళ్ళు దీపాల కోసం చూస్తూ ఉన్నారు. లేవాలనే నిర్ణయం సుమారు 60 అడుగుల దగ్గర వచ్చింది. అప్పటికి కింద రన్‌వే లేదు. అంత బరువైన విమానం కిందికి పోయే ఊపు ఆపుకుని పైకి లేవడానికి ఆ ఎత్తు చాలలేదు.

ఎండలో కూలిన విమానం

"మంచు లేకపోతే ఇదంతా జరిగేదా?" అని నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మంచు లేకపోతే పైలట్లకి రన్‌వే కళ్ళకి కనబడేది, తప్పు తెలిసేది, నిజమే. అయితే దానికి జవాబు మన బెంగళూరులోనే ఉంది.

1990 ఫిబ్రవరి 14. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆకాశం తేటగా ఉంది. బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ-320 విమానం హెచ్ఏఎల్ విమానాశ్రయంలో దిగబోతూ రన్‌వేకి ముందే ఉన్న గోల్ఫ్ మైదానంలో పడింది. లోపల 146 మంది. 92 మంది చనిపోయారు. సర్జాపుర రోడ్డు మీద ముసలివాళ్ళని అడిగితే ఇప్పటికీ ఆ పొగ గురించి చెప్పేవాళ్ళు ఉంటారు.

అక్కడ మంచు లేదు, వాన లేదు. దిగే చివరి క్షణాల్లో ఇంజన్లు ఖాళీగా తిరిగే స్థితిలో ఉండిపోయాయి, వేగం తగ్గిపోయింది, విమానం ఉండాల్సిన దానికన్నా కిందికి జారింది. ఆ కొత్తరకం విమానంలోని యంత్రం ఏ పద్ధతిలో దించుతోందో పైలట్లు సకాలంలో గుర్తించలేదు. కళ్ళ ముందు రన్‌వే ఉండి కూడా.

రెండు ప్రమాదాలనీ పక్కపక్కన పెట్టండి. ఒకటి మంచులో, ఒకటి ఎండలో. ఒకటి రన్‌వే దాటి, ఒకటి రన్‌వేకి ముందే. రెండింట్లోనూ ఉన్నది ఒకటే. యంత్రం ఒక పని చేస్తోంది, మనుషులు అది ఇంకో పని చేస్తోందనుకున్నారు. మంచు ఆ తప్పుని పుట్టించలేదు. ఎండలో అయితే ఏ క్షణంలోనో బయటపడే అవకాశమున్న తప్పుని అది కప్పింది.

వల్ల, చేత, లో

ఇప్పుడు మన పాఠానికి వస్తాను. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) లెక్క ప్రకారం "వలన" పంచమీ విభక్తి. "చేత" తృతీయ. "లో" ని ఆయన షష్ఠిలో చేర్చారు. పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు వస్తాయి. కానీ ఈ మూడు ప్రత్యయాలు మూడు రకాల తీర్పులని నాకు ఇప్పుడు అర్థమైంది.

"మంచు వల్ల విమానం కూలింది." ఇక్కడ తప్పు మంచుది. మంచుని ఎవరూ అరెస్టు చెయ్యరు, మంచు రేపు ఇంకోలా నడుచుకోదు. ఈ వాక్యం నుంచి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అందరికీ ఊరట, అంతే.

"పైలట్ల చేత విమానం కూలింది." ఇది ఇంకో చివర. తప్పంతా ఇద్దరు మనుషుల నెత్తిన పెట్టేశాం. వాళ్ళు చనిపోయారు కూడా. ఈ వాక్యం నుంచి కూడా ఏమీ మిగలదు. విమాన ప్రమాదాల దర్యాప్తుకి ప్రపంచమంతా పాటించే నిబంధన ఒకటుంది: దర్యాప్తు చేసేది ఇంకో ప్రమాదం జరగకుండా ఆపడానికే తప్ప ఎవరి మీదా నింద మోపడానికి కాదు. ఆ నిబంధన చదివినప్పుడు అది "చేత" అనే ప్రత్యయాన్ని దూరం పెట్టడమే అనిపించింది.

"మంచులో విమానం కూలింది." ఇది నిజాయితీగల వాక్యం. మంచు ఎక్కడుందో అక్కడే పెట్టింది. అయితే ఇది సగం వాక్యమే. ఎందుకు కూలిందో ఇంకా చెప్పలేదు. చెప్పలేదని మనకి తెలుస్తూనే ఉంటుంది, అందుకే ఇంకా అడుగుతాం. ఈ వాక్యంలో నాకు నచ్చింది అదే.

చూడక, అడగక, లేవక

మిగతా సగం వాక్యం ఎట్లా రాయాలి? దానికి మన తెలుగులో చక్కటి క్రియారూపం ఉంది. వ్యతిరేక క్త్వార్థకం. చూసి అన్నదానికి చూడక, అడిగి అన్నదానికి అడగక, లేచి అన్నదానికి లేవక. జరగని పనిని చెప్పడానికి ఒక చిన్న "అక" చాలు.

బిష్కెక్ ప్రమాదం మీద దర్యాప్తు చెప్పినదాన్ని మన తెలుగులో ఒక్క వాక్యంగా కడితే ఇట్లా ఉంటుంది:

"చీకట్లో, మంచులో, ఎత్తుగా వచ్చామని సకాలంలో గుర్తించక, దూరాన్నీ ఎత్తునీ సరిపోల్చుకోక, యంత్రం ఇచ్చిన హెచ్చరికని పట్టించుకోక, ఇంకా సమయముండగానే పైకి లేవక, విమానం రన్‌వే దాటి ఊరి మీద పడింది."

పొడుగు వాక్యమే. పత్రిక శీర్షికకి పట్టదు. కానీ దీంట్లో ప్రతి "అక" ఒక తలుపు. ఏ ఒక్క తలుపు తీసినా ఆ ఊరు ఆ ఉదయం మామూలుగా నిద్ర లేచేది. "వల్ల" అన్న వాక్యంలో ఇన్ని తలుపులు లేవు. మనం చెయ్యగలిగి ఉండీ చెయ్యని పనులన్నీ ఈ వ్యతిరేక క్త్వార్థకాల్లోనే దాక్కుంటాయి.

మా ఇంటి వాక్యం

క్లాసు అయిన రోజు సాయంత్రం నోటుపుస్తకంలో మా నాయన ప్రమాదాన్ని కూడా అట్లా రాయడానికి కూర్చున్నాను. ఫారం కోసం కాదు. అది ఎప్పుడో వెళ్ళిపోయింది. నా కోసమే. అప్పుడు నాయనని నిదానంగా అడిగాను. అది వరసగా మూడో రాత్రి. రెండో రోజు పగలు నిద్ర పోయింది రెండు గంటలే. యజమానికి ఫోన్ చేసి ఇంకో డ్రైవర్ని పెట్టమని అడుగుదామనుకున్నాడు, అడగలేదు. హొసకోటె దగ్గర కళ్ళు మూతలు పడినాయి, అయినా టీ అంగడి దగ్గర ఆపలేదు. మంచులో ఎంత నిదానంగా పోవాలో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. పూలు టైముకి చేరాలని నిదానించలేదు.

నేను రాసింది చదివి వినిపించాను: "మంచులో, మూడు రాత్రులు నిద్ర పోక, మనిషిని మార్చమని అడగక, కళ్ళు మూసుకుపోతున్నా ఆపక..."

నాయన చాలాసేపు కట్టు కట్టిన చేతినే చూసుకున్నాడు. నాకు భయమేసింది. ఏదో తప్పు పట్టినట్టు అయిందేమో అనుకున్నాను. "నాయనా, ఇది నీ తప్పని కాదు..." అనబోయాను.

"ఇంగొకటి ఉంది, రాయి" అన్నాడు. "ఆ ట్రాక్టర్ వాడు వెనక దీపం పెట్టక. దాన్నీ రాయి."

రాశాను.

"పూలోళ్ళు కూడా" అంది అమ్మ వంటింట్లోంచి. "ఒకే మనిషిని మూడు రాత్రులు పంపకూడదని ఆలోచించక. అది ఎవురు రాస్తారు?"

అదీ రాశాను. మా వాక్యం ఆరు వరసలైంది. దాంట్లో మంచు ఒక్క మాట మాత్రమే. "ఇట్లా రాసుంటే ఇన్సూరెన్సు వాళ్ళు దుడ్లు ఇచ్చేవాళ్ళా?" అని నాయన నవ్వాడు. ఇచ్చేవాళ్ళో లేదో నాకు తెలీదు. కానీ ఆ నవ్వు తర్వాత ఆయనే అన్నాడు: "కళ్ళు మూతలు పడితే ఇంక ఆపేస్తా పాపా. పూలు పోతే పోనీ." విమానాల భాషలో అది గో-అరౌండ్.

అభ్యాసం

పాఠం కాబట్టి అభ్యాసం లేకపోతే మేడమ్ ఒప్పుకోరు. కింది వాక్యాల్లో "వల్ల" తీసేసి "లో" పెట్టండి. తర్వాత కనీసం రెండు వ్యతిరేక క్త్వార్థకాలు చేర్చి వాక్యం పూర్తి చెయ్యండి.

1. "వాన వల్ల కోజికోడ్‌లో విమానం రన్‌వే దాటి పడిపోయింది." (2020 ఆగస్టు 7, దుబాయ్ నుంచి వచ్చిన విమానం. చనిపోయింది 21 మంది. సూచన: వెనకగాలి ఉంది, రన్‌వే తడిగా ఉంది, సగం రన్‌వే గాలిలోనే గడిచిపోయాక నేలని తాకింది, అయినా మళ్ళీ పైకి లేవలేదు.)

2. "ట్రాఫిక్ వల్ల పరీక్షకి ఆలస్యంగా వచ్చాను." (సర్జాపుర రోడ్డు మీద ఉండేవాళ్ళు ఇది తప్పించుకోలేరు. నేను కూడా.)

3. "ఇంట్లో పరిస్థితుల వల్ల మా అక్క చదువు మానేసింది."

మూడోది నేను కూడా ఇంకా పూర్తి చెయ్యలేదు. మీ వాక్యాలు చీటీ మీద రాసి, ఈ గోడపత్రిక కింద మేకుకి వేలాడుతున్న కవర్లో వెయ్యండి. పేరు రాయకపోయినా పరవాలేదు. వచ్చే నెల అందరం కలిసి చదువుదాం.